మంచు నడిచిన దారిలో

కవ్వాల్ అడవిలో, ప్రాణహిత లోయలో జీపు దిగి నడిచేవాళ్ల కోసం

"చెయ్యి ఇటు పట్టుండ్రి సార్."

టేకు పిలక చివర అప్పుడే విచ్చుకుంటున్న లేతాకును తుంచి నా అరచేతిలో పెట్టాడు దాదా. రెండు చేతుల మధ్య గట్టిగా నలపమన్నాడు. నాలుగుసార్లు రుద్దేసరికి అరచేతులు రెండూ ఎర్రబడ్డాయి. రుమాలుతో తుడిచినా పోలేదు. "మా పోరగాండ్లకు గిదే గోరింటాకు. సబ్బు వెట్టినా రేపటిదాంక పోదు," అని నవ్వాడు.

జన్నారం దాటాక కవ్వాల్ బఫర్ అడవి. పొద్దున ఆరున్నర. దసరా వెళ్లింది, దీపావళి ఇంకా రాలేదు. గోండు గూడేల్లో దండారీ ఆటలకు డోళ్లు సిద్ధం చేసుకుంటున్న రోజులు. వానలు ఆగినా నేల తడి ఆరలేదు. నలుగురం ఒకరి వెనక ఒకరం నడుస్తున్నాం. అందరికన్నా ముందు దాదా. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు. ఊరు పక్కనే గూడెం, పని అటవీశాఖలో జంతువుల జాడ చూసే ట్రాకర్. చేతిలో సన్నటి వెదురు కట్టె ఉంది. దాంతో కొట్టగా నేను చూడలేదు. దారికి అడ్డంగా, మనిషి ముఖం ఎత్తున, చెట్టు నుంచి చెట్టుకు పెద్ద పెద్ద సాలెగూళ్లు. ఎండ పడితే దారాలు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. మధ్యలో వేలి పొడవు ఆడ సాలీడు, దాని వెనకాల గోధుమ గింజంత మగది. దాదా ఆ గూళ్లను తెంపడు. కట్టెతో ఒక వైపు దారాన్ని మెల్లగా పైకెత్తి పట్టుకుంటాడు. మేం నలుగురం వంగి దాటాక వదులుతాడు.

ఇంకాస్త ముందుకెళ్లాక ఒక పుట్ట. సగం కూలి ఉంది. లోపలి మన్ను ఇంకా చెమ్మగా, గోళ్ల గాట్లు స్పష్టంగా. "రాత్రి గుడ్డేలుగు అచ్చింది," అన్నాడు. మూతి లోపల పెట్టి, ఊది, మన్ను ఎగరగొట్టి, ఆ తర్వాత చెదలను పీల్చుకుంటుందట. అది పీల్చే చప్పుడు రాత్రిపూట చాలా దూరానికి వినబడుతుందని చెబుతూ, తనే ఆ చప్పుడు చేసి చూపించాడు. మా గుంపులోని ఇంజినీరింగ్ కుర్రాడు ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

రెండు గంటల్లో మేం నడిచింది రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. పులి కనబడలేదు. కొండముచ్చు ఒకటి చెట్టు మీద నుంచి దగ్గినట్టు అరిచింది. దాదా చెయ్యెత్తి ఆపాడు. అయిదు నిమిషాలు ఊపిరి బిగబట్టి నిల్చున్నాం. చిరుత అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. అంతే. అవతల బీటీ రోడ్డు మీద జీపు హారన్ కొడుతూ వెళ్లింది.

జీవో, పులి, పత్తి చేను

ఉత్తర తెలంగాణలో ఇప్పుడు నలుగురు కూడిన చోట అడవి మాట రాకుండా ఉండదు. 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 1,49,288 హెక్టార్ల అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు మన వైపు వచ్చే దారి అది. ఊళ్లు భగ్గుమన్నాయి. ఆదివాసీ సంఘాలు బంద్‌లు పెట్టాయి, ఊరేగింపులు తీశాయి. జూలై 21న ప్రభుత్వం ఆ జీవోను నిలుపుదలలో పెట్టింది. రద్దు చెయ్యలేదు, అమలూ చెయ్యట్లేదు.

ఆ కోపం వెనక చాలా జరిగింది. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడికి రోజుల తేడాలో ఇద్దరు పోయారు. ఇద్దరూ చిన్న వయసువాళ్లే. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరుతున్న మహిళ చనిపోయింది. అదే ఏడాది జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చచ్చిపడ్డాయి. విషప్రయోగం కేసు పెట్టి అరెస్టులు చేశారు. పత్తి ఏరే కాలమూ పులి తిరిగే కాలమూ ఒకటే కావడం ఈ జిల్లా దురదృష్టం. చేను అడవిని ఆనుకునే ఉంటుంది. పొద్దుగూకే దాకా వంగి పని చేసే ఆడవాళ్లకు వెనక ఏముందో కనబడదు.

కవ్వాల్‌ను అభయారణ్యంగా ప్రకటించింది 1965లో. పులుల రిజర్వ్ అయింది 2012లో. కోర్ 892 చదరపు కిలోమీటర్లు, చుట్టూ బఫర్ 1,123. కోర్‌లో పులి నిలకడగా ఉండకపోవడం అటవీశాఖకు ఏళ్లుగా తలనొప్పి. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్‌ల నుంచి పులులు వస్తాయి, కాగజ్‌నగర్, బెజ్జూరు అడవుల్లో తిరుగుతాయి, కొన్ని పిల్లలు కూడా పెట్టాయి. కవ్వాల్ లోపలికి రావాలంటే మధ్యలో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, మంచిర్యాల నుంచి చంద్రపూర్ వైపు వెళ్లే నాలుగు వరుసల రహదారి, బొగ్గు గనులు, పత్తి చేలు దాటాలి.

ఈ గొడవలో అడవి అంటే పులి, పులి అంటే భయం లేదా జీవో అన్నట్టయింది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకేమో అడవి అంటే సఫారీ జీపు, లేదంటే కుంతాల జలపాతం దగ్గర సెల్ఫీ. అడవిని నడిచి చూసే అలవాటు రెండు వైపులా తగ్గిపోయింది. నడిస్తే ఏం తెలుస్తుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కొంచెమంటే 30 కోట్ల ఏళ్లు.

ఇక్కడ మంచు ఉండేది

ఆదిలాబాద్ ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు నవ్వుతారు. కానీ ఇది రాళ్ల మీద గీతలతో సహా దొరికిన సాక్ష్యం. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మనం అంతా ఒకే భూఖండం. దాని మీద పెద్ద పెద్ద హిమానీనదాలు పారేవి. అవి లోయల్ని ఒరుసుకుంటూ, దారిలోని బండల్ని ఈడ్చుకుంటూ కదిలేవి. మంచు కరిగాక ఆ బండలూ, గులకరాళ్లూ, సన్నటి ఆకుపచ్చ బురదా ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

ఆదిలాబాద్ జిల్లాకు ఉత్తరపు హద్దు పెన్‌గంగ. ఆ నది ఒడ్డునే, చంద్రపూర్ జిల్లాలోని ఇరాయ్ దగ్గర, 1870ల్లో భూగర్భ శాస్త్రవేత్తలకు ఒక సున్నపురాయి పరుపు కనబడింది. పైభాగం నున్నగా అరిగి ఉంది. దాని మీద ఒకే దిక్కుకు సాగిన సన్నటి గాట్లు. కదిలే మంచు అడుగున ఇరుక్కున్న రాళ్లు గీసిన గీతలవి. అంతకుముందే, 1856లో, ఒడిశాలోని తాల్చేర్ దగ్గర బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఇలాంటి బండల పొరను చూసి ఇది మంచు పనే అన్నారు. ఎండలు మండే దేశంలో మంచేమిటని అప్పట్లో చాలామంది నమ్మలేదు. ఇరాయ్ గీతలు చూశాక నమ్మక తప్పలేదు.

ఆ పొర మన వైపు కూడా ఉంది. ఆసిఫాబాద్ నుంచి బెల్లంపల్లి, మంచిర్యాల, గోదావరిఖని మీదుగా కొత్తగూడెం దాకా సాగే లోయలో సింగరేణి బొగ్గు పొరల అడుగున పరుచుకుని ఉంటుంది. బొగ్గు కోసం బోరు వేసేవాళ్లకు అది బాగా తెలుసు. తాల్చేర్ పేరుతోనే పిలిచే ఈ రాయి తగిలిందంటే బోరు ఆపేస్తారు. ఇక కింద బొగ్గు ఉండదు.

> సింగరేణికి, దక్షిణ ధ్రువానికి మధ్య ఒక ఆకు
>
> 1912లో దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తూ కెప్టెన్ రాబర్ట్ స్కాట్, ఆయన తోటివాళ్లు మంచులోనే ప్రాణాలు వదిలారు. తిండి అయిపోయింది, చమురు అయిపోయింది. అయినా బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఏరిన సుమారు 16 కిలోల రాళ్లను స్లెడ్జి మీద నుంచి దింపలేదు. నవంబరులో శవాలతో పాటు ఆ రాళ్లూ దొరికాయి. వాటిలో గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులున్నాయి. నాలుక ఆకారంలో, మధ్యలో గట్టి ఈనెతో ఉండే అదే ఆకు సింగరేణి బొగ్గు పొరల్లోనూ దొరుకుతుంది. ఆ పాత భూఖండానికి గోండ్వానా అన్న పేరు గోండుల నేల మీదుగా వచ్చింది. 1872లో హెన్రీ మెడ్లికాట్ మధ్యభారతపు రాళ్లకు ఆ పేరు వాడాడు. 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడువర్డ్ స్యూస్ మొత్తం భూఖండానికే దాన్ని పెట్టాడు.

మంచు పోయాక వచ్చిన అడవి

మంచు వెనక్కి తగ్గాక లోయ నిండా నీళ్లు, చిత్తడి, చల్లటి వాన. అందులో గ్లోసాప్టెరిస్ అడవి పెరిగింది. ఈనాటి అమెజాన్‌లా వేడి అడవి కాదది, చలి ప్రాంతపు వానల అడవి. నెలల తరబడి చీకటిగా ఉండే చలికాలానికి ముందు ఆ చెట్లు ఆకులు రాల్చేవి. ఆ ఆకులూ మొద్దులూ నీళ్లలో కుళ్లకుండా పేరుకుని, మీద మట్టి పడి, కోట్ల ఏళ్లకు బొగ్గయ్యాయి. 2023-24లో సింగరేణి తవ్వి తీసింది 7 కోట్ల టన్నులు. రామగుండంలో కరెంటుగా మండుతున్నది ఆ అడవే.

ఇప్పుడు పైన ఉన్న టేకూ ఆకు రాలుస్తుంది. కాకపోతే చలికి కాదు, ఎండకు. ఏటా సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన, దాదాపు అంతా నాలుగు నెలల్లోనే కురిసే చోట ఏడాది పొడవునా ఆకు మోయడం చెట్టుకు కుదరదు. ఫిబ్రవరి దాటితే కవ్వాల్ సగం మోడే.

మధ్యలో ఇంకా చాలా వచ్చిపోయాయి. ఆసిఫాబాద్ దగ్గరి మలేరి ఎర్రమన్ను పొరల్లో డైనోసార్ల తొలినాళ్ల పాకుడు జంతువుల ఎముకలు 19వ శతాబ్దంలోనే దొరికాయి. ప్రాణహిత ఒడ్డున వేమనపల్లి మండలం యామన్‌పల్లి దగ్గర 1970ల్లో ఏకంగా డైనోసార్ ఎముకల దిబ్బే బయటపడింది. జియలాజికల్ సర్వేకు చెందిన పి.యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టి శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఇప్పుడది హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. దాని కింద ఫొటో దిగే పిల్లల్లో ఎంతమందికి అది మంచిర్యాల జిల్లాదని తెలుసు? మంచిర్యాల పిల్లలకే తెలియదు. ఆ ఊళ్లో దాని గురించి చెప్పే ఏర్పాటంటూ ఒకటుంటే తెలిసేది.

చెట్టు చెట్టుకూ ఒక సంసారం

దాదాకు ఈ కోట్ల ఏళ్ల లెక్కలతో పని లేదు. ఆయన లెక్క వేరు. చెట్టు దగ్గర ఆగితే దాని పేరు ఆఖర్న చెబుతాడు. ముందు దాంతో ఏం చేస్తారో చెబుతాడు.

నల్లమద్ది బెరడు మొసలి వీపులా నెర్రెలు తీసి ఉంటుంది. కొన్ని చెట్ల మొదట్లో బొడిపె లాగా ఉబ్బుతుంది. దాహానికి అక్కడ గాటు పెడితే నీళ్లు కారతాయి. "అన్నిట్ల రావు. తెలవక కొడితె చెట్టు పాడు, గొంతు పాడు," అన్నాడు. తునికి చెట్టు దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల పని గుర్తుచేశాడు. పొదలు కొట్టి పిలకలు వేయించాలి, అప్పుడే ఏప్రిల్, మే నాటికి బీడీకి పనికొచ్చే మెత్తటి ఆకు వస్తుంది. యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో ఆరబెట్టాలి. ఆ డబ్బులే వానాకాలం విత్తనాలకు. కరీంనగర్, నిజామాబాద్ బీడీ కార్ఖానాల వెనక ఉన్నది ఈ పొద.

పొనికి చెట్టు అంటే ఆయనకు నిర్మల్ బొమ్మ. తెల్లగా, తేలిగ్గా ఉండే ఆ కర్రతోనే నిర్మల్ నకాషీ కళాకారులు పండ్లూ పక్షులూ చెక్కుతారు. ఆ చెట్లు తగ్గిపోయి కర్ర కోసం బొమ్మలవాళ్లు పడుతున్న పాట్లు అందరికీ తెలిసిన కథే. ఇక ఇప్ప. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున పూలు రాలతాయి. అప్పటికే చెట్టు కింద ఆడవాళ్లు, పిల్లలు, ఒక్కోసారి ఎలుగుబంటి కూడా. పువ్వు కనబడాలని చెట్టు కింది ఆకులకు నిప్పు పెడతారు. ఎండాకాలం అడవి కాలడానికి అదీ ఒక కారణమే. ఈ సంగతి దాచకుండా చెప్పింది కూడా దాదానే. "మేమే కాలవెడ్తం, మేమే ఆర్పుతం. ఆర్పినందుకే కూలి ఇస్తరు," అన్నాడు. వ్యంగ్యమో నిజాయితీయో, రెండూనో.

ఈ మాటలు జీపులో కూర్చుంటే వినబడవు. జీపులో డ్రైవరు చూపు రోడ్డు మీద, మన చూపు పులి కోసం. దుప్పి కనబడితే ఫొటో, నెమలి కనబడితే ఫొటో, ఏమీ కనబడకపోతే డబ్బులు దండగ అన్న మొహం. పులిని చూడాలనుకోవడంలో తప్పు లేదు. పులి తప్ప ఇంకేం లేదనుకుని వెనక్కి వెళ్లడమే దండగ.

మెస్రం వంశీయుల కాలిబాట

గైడుతో అడవి నడక అనేది నగరాల నుంచి వచ్చిన వేడుక అనుకుంటాం. ఈ అడవుల్లో అది ఏటా జరిగే క్రతువు. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర. దానికి ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు గంగాజలం కోసం జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్తారు. తెల్ల బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, నీళ్లు తేవడానికి ఇత్తడి ఝరి. ఊరూరా ఆగుతూ, రాత్రిళ్లు బస చేస్తూ రోజుల తరబడి నడక. ఎక్కడ ఆగాలో, ఏ వాగు ఎక్కడ దాటాలో పెద్దలు చెబుతారు, కుర్రవాళ్లు నేర్చుకుంటారు. జాతరకు లక్షల మంది బస్సుల్లో, కార్లలో వస్తారు. ఆ నీళ్లు మాత్రం ఇప్పటికీ నడిచే వస్తాయి. ఆ బాటలో ఎదురైతే ఫొటోల కోసం అడ్డం నిలబడకండి, పక్కకు జరగండి.

దారులు తెలిసిన మనుషులే ఈ అడవికి ఉన్న పెద్ద ఆస్తి. అందుకు బెజ్జూరు అడవులే రుజువు. ప్రాణహితలో పెద్దవాగు కలిసే చోటికి దగ్గర, నందిగాం వైపు పాలరాపు గుట్ట అంచుల్లో 2013లో పొడుగుముక్కు రాబందులు కనబడ్డాయి. దేశంలో ఈ జాతి రాబందులు 95 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయిన కాలమది. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, ఆ పశువు కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ మందును పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు. పాలరాపు గుట్ట గూళ్లను కాపలా కాసింది, గుడ్లు పెట్టిన తేదీలు, పిల్లలు ఎగిరిన తేదీలు రాసింది చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే. నది ఇవతలి ఒడ్డు నుంచి దుర్భిణీ పెట్టి వాళ్లు చూపిస్తే తప్ప, గుట్ట మీది తెల్లటి రెట్ట మరకలు గూళ్ల గుర్తులని మనకు తట్టదు.

> కరీంనగర్ వైపు
>
> గోదావరికి దక్షిణాన పాత కరీంనగర్ జిల్లాలోనూ నడవదగ్గ చోట్లున్నాయి. పెద్దపల్లి జిల్లా రామగిరి ఖిల్లా ఔషధ మొక్కలకు పేరు. బోటనీ విద్యార్థులు మాస్టర్ల వెంట ఏళ్లుగా ఎక్కుతున్న గుట్ట అది. మంథని దగ్గర గోదావరి ఒడ్డున శివారం అభయారణ్యం మొసళ్లకు నెలవు. అక్కడ నీళ్లలోకి దిగకపోవడమే మొదటి నియమం. కాళేశ్వరం, మహాదేవపూర్ అడవులు ప్రాణహిత, గోదావరి కలిసే మూలలో ఉంటాయి.

న్యూజిలాండ్‌లో అలా, నేరడిగొండలో ఇలా

హిమానీనదం, దాని పక్కనే వానల అడవి. ఈ రెండూ ఇప్పటికీ పక్కపక్కనే కనబడే చోట్లలో ఒకటి న్యూజిలాండ్ పశ్చిమ తీరం. అక్కడ ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం పచ్చటి అడవి అంచు దాకా దిగి వస్తుంది. ఏటా 5 మీటర్లకు పైగా వాన. ఆ దేశమూ ఒకప్పుడు గోండ్వానా ముక్కే. అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు గైడు వెంట లోయలో నడిచి వచ్చి ఫొటోలు పెడుతుంటారు. అక్కడి మంచు వేగంగా వెనక్కి తగ్గడంతో, లోయలోంచి నడుచుకుంటూ మంచు మీదికి ఎక్కే దారి 2012లోనే మూతబడింది. ఇప్పుడు మంచు మీద కాలు పెట్టాలంటే హెలికాప్టరే. హిమానీనదం కనబడే చోటి దాకా నడక మాత్రం సాగుతోంది. మంచు ఏ ఏట ఎక్కడిదాకా ఉండేదో, ఏ నాచు ముందు మొలిచిందో గైడు చూపిస్తాడు. జనం అడిగి మరీ డబ్బు కట్టి వింటారు.

మన దగ్గర నేరడిగొండ మండలం కుంతాల జలపాతానికి రండి. కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. చూడముచ్చటైన చోటు. ఆదివారం పూట మెట్ల మీద మాత్రం నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు. హెచ్చరిక బోర్డు పక్కనుంచే గుండంలోకి దిగే కుర్రాళ్లు. ఇక్కడ మునిగి పోయిన ప్రాణాల వార్తలు దాదాపు ప్రతి వానాకాలం చదువుతున్నాం. వచ్చినవాళ్లకు ఆ నీళ్లు ఎక్కడివో, ఆ రాయి ఏమిటో, ఈ నదే దిగువకు వెళ్లి కడెం ప్రాజెక్టు నింపుతుందని చెప్పే మనిషి ఉండడు. లింగాపూర్ మండలం మిట్టె జలపాతం, బోథ్ దగ్గరి పొచ్చెర పరిస్థితీ ఇంచుమించు ఇదే. చెప్పే మనిషి ఉంటే జనం గుండంలోకి దిగడమూ తగ్గుతుందని నా నమ్మకం. ఊరి మనిషి "ఒద్దు బిడ్డా, గీడ సుడి ఉన్నది" అంటే వినేవాళ్లు, ఇనుప బోర్డు చెబితే వినరు.

కూలి ఎవరికి?

నడక పర్యాటకం మీద అనుమానాలు ఉన్నాయి, వాటిలో న్యాయమూ ఉంది. మనిషి అడుగు పడితే అడవి చెదురుతుందని వన్యప్రాణి ప్రేమికులు అంటారు. పులుల రిజర్వ్ కోర్‌లో పర్యాటకులు వాహనం దిగకూడదన్నది అందుకే. ఆ నియమం అలాగే ఉండాలి. బఫర్‌లో మాత్రం ఇప్పటికే ఊళ్లున్నాయి, పశువులు మేస్తున్నాయి, తునికాకు కోస్తున్నారు. అక్కడ ఆరుగురు మనుషులు గైడు వెంట మాట్లాడకుండా నడిస్తే వచ్చే నష్టం, హారన్ కొట్టే పది వాహనాల కన్నా తక్కువే.

రెండో అనుమానం గూడేల నుంచి వస్తుంది. పర్యాటకం పేరుతో మమ్మల్ని ఇంకా బయటికి నెడతారా అని. కోర్ లోపలి రాంపూర్, మైసంపేట ఊళ్లను 2024లో కొత్త మద్దిపడగ దగ్గరికి తరలించారు. ఇష్టపడి వెళ్లినవాళ్లున్నారు, బడీ ఆస్పత్రీ దగ్గరయ్యాయన్నవాళ్లున్నారు. కానీ చుట్టుపక్కల ఊళ్లకు అది రేపటి తమ వంతుగా కనబడుతోంది. జీవో 49 మీద అంత మంట రావడానికి ఇదీ కారణమే. ఊరితో మాట్లాడకుండా హైదరాబాద్‌లో గీసిన గీత ఏదైనా, ఎంత మంచిదైనా, ఇక్కడ నిలవదు. కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన నేల ఇది.

దాదా జీతం మాట వచ్చింది. ట్రాకర్లు, బేస్ క్యాంపు వాచర్లలో ఎక్కువమంది పొరుగుసేవల కింద పనిచేసేవాళ్లే. కొన్నిసార్లు జీతం నెలల తరబడి ఆగుతుంది. పులి అడుగు కొలిచేది వాళ్లు, కెమెరాలు బిగించేది వాళ్లు, పులి వచ్చిందంటే ఊళ్లోకి వెళ్లి "చేనుకు పోకుండ్రి" అని చెప్పేదీ, జనం కోపంతో తిడితే పడేదీ వాళ్లే. నడకకు వచ్చే మనిషి కట్టే గైడు రుసుము నేరుగా వాళ్ల చేతికీ, కొంత ఊరి ఖాతాకూ వెళ్లే పద్ధతి పెడితే, అడవి పక్కన ఉండడం వల్ల ఇన్నాళ్లకు ఒక లాభం కనబడుతుంది. పులి వల్ల పోయే పశువుకు వచ్చే పరిహారం ఒక్కటే లాభమైతే ఎవరు ఓర్చుకుంటారు?

గోండు, కొలాం, నాయక్‌పోడ్ యువతలో డిగ్రీలు చదివినవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. వాళ్లకు పక్షుల గురించీ, ప్రథమ చికిత్స గురించీ, పైన చెప్పిన రాళ్ల కథ గురించీ కొన్ని వారాల శిక్షణ చాలు. మిగతాది వాళ్లకు ఇంట్లోనే తెలుసు. సింగరేణి తలుచుకుంటే బొగ్గు పొరల్లోని ఆకు అచ్చులతో, తాల్చేర్ రాళ్లతో జన్నారంలో ఒక చిన్న గది నింపడం పెద్ద ఖర్చు కాదు. తవ్విన నేలకు ఆ మాత్రం బాకీ ఉంది.

> వెళ్లాలనుకుంటే
>
> మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట, దండేపల్లి మీదుగా జన్నారం. నిర్మల్ నుంచైతే ఖానాపూర్ మీదుగా. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువైన కాలం. జూలై నుంచి సెప్టెంబరు వరకు రిజర్వ్‌లో పర్యాటకానికి విరామం. బఫర్‌లో నడవాలన్నా అటవీశాఖ అనుమతి, వాళ్ల మనిషి తోడు తప్పనిసరి. ముందురోజే జన్నారం కార్యాలయంలో అడగండి. ముదురు రంగు బట్టలు, మూసి ఉండే బూట్లు, నీళ్లు చాలు. సెంటు వద్దు, పాటలు వద్దు. పులి తిరుగుతోందని చెబితే ఆ రోజుకు వెనక్కి రండి.

తిరిగి వచ్చేటప్పుడు దాదాను మా కుర్రాడు అడిగాడు, ఇన్నేళ్లలో పులిని ఎన్నిసార్లు చూశావని. వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సార్లేనన్నాడు. "అది నన్ను ఎన్నిమార్లు సూసిందో మాత్రం తెల్వది."

సంక్రాంతి సెలవుల్లో ఆదిలాబాద్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే, సఫారీ టికెట్టు తీసుకోండి, కాదనను. దాంతో పాటు ఒక్క పొద్దుట నడవడానికి అనుమతి అడగండి, ఊరి మనిషినే గైడుగా ఇమ్మనండి. అడిగేవాళ్లు లేరు కాబట్టే ఇప్పటిదాకా ఆ ఏర్పాటు సరిగా లేదు.